కోపం అన్న ఒక్క మాట కింద: పదహారేళ్ల అబ్బాయి కేస్ స్టడీ

ఈ కేసును రాయడానికి అబ్బాయి, అతని తల్లిదండ్రులు రాతపూర్వకంగా అంగీకరించారు. ఎవరినైనా గుర్తుపట్టే వీలున్న వివరాలను తొలగించాను లేదా మార్చాను. ఎవరికీ మారుపేర్లు కూడా పెట్టలేదు.

వచ్చిన సందర్భం

అబ్బాయికి 16 ఏళ్ల 4 నెలలు. నా దగ్గరికి మొదటిసారి వచ్చిన రోజున కుడిచేతికి కట్టు ఉంది. అంతకు 10 రోజుల ముందు పాఠశాల వరండాలో నోటీసు బోర్డు అద్దాన్ని పిడికిలితో గుద్దడంతో అది పగిలి, వేళ్ల కణుపుల మీద 4 కుట్లు పడ్డాయి. ఆ సమయంలో అతని ఆప్తమిత్రుడు ఆ అద్దం పక్కనే నిలబడి ఉన్నాడు. పిడికిలి మొదట మిత్రుడి ముఖం వైపే లేచిందని, ఆఖరి క్షణంలో పక్కకు తిరిగిందని అక్కడున్న ఉపాధ్యాయుడు రాసిన నివేదికలో ఉంది. అబ్బాయిని అడిగితే తనకు గుర్తు లేదన్నాడు. నివేదికలోని ఆ వాక్యం కింద నేను గీత గీసి పెట్టుకున్నాను, ఎందుకంటే తన మీద తనకు అదుపే లేదని ఇంటిల్లిపాదీ నమ్ముతున్న పిల్లవాడు ఆ క్షణంలో చేతిని తిప్పుకోగలిగాడు.

తల్లిదండ్రులిద్దరూ అబ్బాయి ఎదుటే మాట్లాడారు. “వీడికి మొదటి నుంచీ ముక్కు మీదే కోపం మేడమ్, ఇప్పుడు మరీ ఎక్కువైంది” అని తల్లి అన్నది. “ఆ అమ్మాయి సంగతి మొదలయ్యాకే ఇదంతా” అని తండ్రి అన్నాడు. అబ్బాయి తల ఎత్తకుండా కట్టు అంచున లేచిన దారాన్ని లాగుతూ కూర్చున్నాడు. తర్వాత ఒంటరిగా అడిగినప్పుడు కూడా తల్లి మాటనే అప్పజెప్పాడు: “నాకు కోపం ఎక్కువ మేడమ్. చిన్నప్పటి నుంచీ అంతే.”

మా మధ్య నడిచే మాటలు గదిలోనే ఉంటాయని, తనకు గానీ మరొకరికి గానీ హాని జరిగే ప్రమాదం కనిపిస్తే మాత్రం పెద్దవాళ్లకు చెప్పక తప్పదని, అలా చెప్పే ముందు తనకే చెబుతానని మొదటి పది నిమిషాల్లోనే స్పష్టం చేశాను. ఈ వయస్సు పిల్లలతో ఈ మాట ఆలస్యమైతే, తర్వాత ఎంత నచ్చజెప్పినా మోసం చేసినట్టే ఉంటుంది.

పూర్వాపరాలు

మిత్రుడితో స్నేహం 9 ఏళ్ల వయస్సు నుంచీ ఉంది. ఏడేళ్లుగా ఒకే తరగతి, చాలా కాలం ఒకే బెంచీ. ఇంట్లో చెప్పని విషయాలన్నీ అతనికే చెప్పేవాడు. అమ్మాయితో పరిచయం ఏడాది కిందటిది, ప్రేమ 5 నెలలది. అది ఇద్దరికీ మొదటి ప్రేమే. తొలి రెండు నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత మెసేజ్‌కు జవాబు ఆలస్యమైతే అబ్బాయి తట్టుకోలేకపోయేవాడు. బ్లూ టిక్ పడి పది నిమిషాలు గడిస్తే “ఎవరితో మాట్లాడుతున్నావు” అని అడిగేవాడు. ఒకసారి ఫోన్ పాస్‌వర్డ్ చెప్పమన్నాడు, ఆమె చెప్పలేదు. చివరికి నాలుగు వాక్యాల మెసేజ్‌తో ఆమె సంబంధం ముగించింది. ఆ రాత్రి అతను 43 మెసేజ్‌లు పంపి, 17 సార్లు ఫోన్ చేశాడు. ఆమె నంబరు బ్లాక్ చేసింది.

అద్దం పగిలింది ఆ రాత్రి కాదు, రెండు రోజుల తర్వాత. అందరూ, మొదట్లో నేను కూడా, ఈ రెండు రోజుల తేడాను పట్టించుకోలేదు.

అంచనా

చికిత్స మాట ఎత్తే ముందు భద్రత సంగతి తేల్చుకున్నాను. చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్న భయం తల్లిదండ్రుల్లో చాలా మందికి ఉంటుంది గానీ, నా అనుభవంలో అడిగినందుకు పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. అబ్బాయికి అలాంటి ఆలోచనలు లేవు. అమ్మాయి విషయంలో మాత్రం ఒక గట్టి షరతు పెట్టాను: స్వయంగా గానీ, మరొకరి ద్వారా గానీ, కొత్త నంబరుతో గానీ ఆమెను సంప్రదించకూడదు. ఆమె నా దగ్గరికి రాలేదు, తన వైపు మాట చెప్పే అవకాశం ఆమెకు ఇక్కడ లేదు. అందువల్ల ఆ 43 మెసేజ్‌లను ప్రేమ అనో బాధ అనో మెత్తబరచకుండా, అందుకున్న మనిషికి అవి భయపెట్టేవేనని మొదటి వారంలోనే అబ్బాయితో చెప్పాను. అతను నాతో చాలా సేపు మాట్లాడలేదు.

తలకు దెబ్బ తగిలిన చరిత్ర, మూర్ఛ, మత్తుపదార్థాల వాడకం లేవు. ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతిచురుకుదనం) లక్షణాలు చిన్నప్పటి నుంచీ కనిపించిన దాఖలా లేదు. కౌమారంలో డిప్రెషన్ దిగులుగా కాక చిరాకుగా బయటపడవచ్చు కాబట్టి దానిని ప్రత్యేకంగా పరిశీలించాను. నిద్ర చెడింది, ఆకలి కొంత తగ్గింది, కానీ ఆటల్లో ఆసక్తి అలాగే ఉంది. ఇంటర్మిటెంట్ ఎక్స్‌ప్లోజివ్ డిజార్డర్ (ఉన్నట్టుండి కోపం పేలిపోయే రుగ్మత) అని పేరు పెట్టాలంటే, మానసిక రుగ్మతలను వర్గీకరించే అమెరికా గ్రంథం, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 ప్రకారం ఏడాదిలో కనీసం 3 సార్లు వస్తువులు ధ్వంసం చేయడమో, ఎవరినైనా గాయపరచడమో జరగాలి, లేదా సగటున వారానికి రెండుసార్ల చొప్పున 3 నెలల పాటు తిట్లు, కేకలు, చిన్నపాటి దాడులు ఉండాలి. ఇతను ఆ లెక్కలకు చేరలేదు. పైగా అతని కోపం ఇద్దరు ముగ్గురు మనుషుల చుట్టూనే తిరుగుతోంది. ఆటలో రెఫరీ తప్పుడు నిర్ణయం ఇచ్చినప్పుడు జట్టులో అందరికంటే నెమ్మదిగా ఉండేది ఇతనేనని కోచ్ చెప్పాడు.

కోచ్ మాట నాకు చాలా ఉపయోగపడింది. కౌమారంలో ఉద్వేగాన్ని రేపే మెదడు భాగాలు ముందుగా చురుకెక్కుతాయి, వాటికి పగ్గం వేసే ముందరి భాగం ఇరవైల మధ్య దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఇది నిజమే. కానీ ఈ వివరణను అన్ని చోట్లా వాడేస్తున్నాం. మైదానంలోనూ వరండాలోనూ మెదడు ఒక్కటే అయినప్పుడు, మైదానంలో లేనిది వరండాలో ఏమున్నదో వెతకవలసి ఉంటుంది.

పిల్లలకు, కౌమారులకు అనువుగా మార్చిన స్పీల్‌బెర్గర్ కోప ప్రశ్నావళిని ఇచ్చాను. కోపాన్ని బయటికి వెళ్లగక్కే విభాగంలో ఎక్కువ మార్కులు వస్తాయని అనుకున్నదే. లోపల దిగమింగుకునే విభాగంలో కూడా దాదాపు అంతే రావడం నేను అనుకోనిది. బయటపడిన ప్రతి కేక వెనుక చాలా రోజుల మౌనం ఉన్నదన్నమాట. ఒత్తిడి కలిగించిన సంఘటన జరిగిన 3 నెలల లోపే లక్షణాలు మొదలయ్యాయి కాబట్టి ఉద్వేగాల్లోనూ ప్రవర్తనలోనూ మార్పుతో కూడిన సర్దుబాటు రుగ్మతగా నమోదు చేశాను.

నేను తప్పుదారి పట్టిన మూడు వారాలు

మొదటి 3 సెషన్లు నేను అమ్మాయి గురించే మాట్లాడించాను. తిరస్కారాన్ని తట్టుకోవడం, విడిపోవడం, ఆమె నిర్ణయాన్ని గౌరవించడం వంటి అంశాల మీద నడిచిన ఆ సంభాషణలు చూడటానికి చక్కగానే ఉన్నాయి. అబ్బాయి సహకరించాడు, తల ఊపాడు, అడిగిన దానికి తగిన జవాబులు చెప్పాడు. కోపం మాత్రం అంగుళమైనా తగ్గలేదు. ఇంతగా సహకరించే పిల్లవాడు ఏదో ఒకదాని చుట్టూ నన్ను తిప్పి తీసుకుపోతున్నాడని నాకు ముందే అనుమానం రావలసింది.

కోపం డైరీ చూశాక నా పొరపాటు తెలిసింది. ఎప్పుడు, ఎక్కడ, ముందు ఏం జరిగింది, ఒంట్లో ఏం అనిపించింది, ఏం చేశాడు, తర్వాత ఏమైంది అన్న ఆరు గడులతో ఒక పట్టిక ఇచ్చాను. నాలుగు వారాల్లో 11 సంఘటనలు రాసుకొచ్చాడు. వాటిలో అమ్మాయికి సంబంధించినవి 2. ఇంట్లో తండ్రితో జరిగినవి 2. మిగిలిన 7 సంఘటనల్లోనూ మిత్రుడే ఉన్నాడు: మిత్రుడు మరొకరితో నవ్వుతూ కనిపించడం, గ్రూపులో తను పెట్టిన మాటకు మిత్రుడు స్పందించకపోవడం, మిత్రుడు బెంచీ మారడం.

అప్పుడు అద్దం సంగతి మళ్లీ మొదటి నుంచి అడిగాను. ఈసారి నిమిషం నిమిషం చొప్పున చెప్పించాను. విడిపోవాలనుకుంటున్నట్టు అమ్మాయి ఆ మెసేజ్ పంపడానికి 9 రోజుల ముందే మిత్రుడికి చెప్పిందని, ఎలా చెబితే బాగుంటుందో అతనినే సలహా అడిగిందని అబ్బాయికి ఆ రోజు వరండాలో తెలిసింది. ఇది చెబుతున్నప్పుడు అతని గొంతు మొదటిసారి మారింది. “తొమ్మిది రోజులు మేడమ్. రోజూ నా పక్కనే కూర్చున్నాడు. నేను ఆమెకు పుట్టినరోజు కానుక ఏమివ్వాలని అడిగితే, ఏమిస్తే బాగుంటుందో కూడా చెప్పాడు.”

ఆ 9 రోజుల పాటు పక్కనే ఉన్న మనిషి ముందు తాను తెలివితక్కువవాడిగా తిరిగానన్న అవమానమే పిడికిలి ఎత్తించింది. ఆ పిడికిలిని తిప్పింది కూడా ఎదుట ఉన్నది ఆ మనిషే కావడం.

మాటలు

ఇంతవరకూ అతను ప్రతి సంఘటనకూ ఒకే మాట రాస్తూ వచ్చాడు: కోపం. ఆ సెషన్‌లో నేను చిన్న కాగితపు ముక్కల మీద చిరాకు, విసుగు, రోషం, అక్కసు, కసి, ఉక్రోషం, అలక అని రాసి బల్ల మీద పరిచి, 11 సంఘటనల్లో దేనికి ఏది సరిపోతుందో పెట్టమన్నాను. భావానికి పేరు పెట్టగానే మెదడులో ఉద్వేగాలను రేపే భాగమైన అమిగ్డలా స్పందన తగ్గుతుందని మనస్తత్వవేత్త మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో మెదడు స్కానింగ్‌తో చూపింది. అయితే నేను ఈ పద్ధతిని అందుకోసం మాత్రమే వాడలేదు. తెలుగులో ఈ మాటలకు ఒక సదుపాయం ఉంది. ప్రతి మాటలోనూ ఎదుటివాడి పాత్ర కూడా చెప్పకుండానే ఉంటుంది. కసిలో ఎదుటివాడు దెబ్బ తినాలి. ఉక్రోషంలో మన చేత ఏమీ కాని నిస్సహాయత ఉంది. అలకలో ఎదుటివాడు వచ్చి బుజ్జగించాలి.

అబ్బాయి కసి ముక్కను వెంటనే పక్కకు నెట్టేశాడు. ఉక్రోషం ముక్కను అద్దం సంఘటన మీద పెట్టాడు. అలక దగ్గర ఆగి “ఇది చిన్నపిల్లలది కదా మేడమ్” అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. కొంతసేపటికి ఆ ముక్కను బెంచీ మారిన సంఘటన మీద, తర్వాత గ్రూపు సంఘటన మీద, ఆ తర్వాత మరో రెండింటి మీద పెట్టుకుంటూ పోయాడు. ఒకే ముక్క ఉండటంతో నాలుగు చోట్లకూ దానినే జరపవలసి వచ్చింది.

పదహారేళ్ల మగపిల్లవాడు అలిగితే గుర్తించేవాళ్లు దాదాపు ఉండరు. ఆరేళ్లప్పుడు మూల కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి గడ్డం పట్టుకుంటారు, పదహారేళ్లప్పుడు అదే మౌనాన్ని పొగరు అంటారు. అలిగిన సంగతి ఎవరికీ తెలియనప్పుడు, తెలిసేలా చేయడానికి అతని చేతిలో మిగిలింది కేకలు వేయడమే. ప్రశ్నావళిలో లోపలి కోపం, బయటి కోపం రెండూ సమానంగా ఎందుకున్నాయో నాకు ఇక్కడ అర్థమైంది.

ఒంటికి సంబంధించిన పని

మనస్తత్వవేత్త రేమండ్ నొవాకో 1975లో ప్రతిపాదించిన కోపనియంత్రణ చికిత్స వరుసనే నేను స్థూలంగా అనుసరించాను: ముందు తన కోపం తీరును తెలుసుకోవడం, ఆపైన నైపుణ్యాలు నేర్చుకోవడం, చివరగా చిన్న చిన్న సందర్భాల నుంచి పెద్ద సందర్భాల దాకా అభ్యాసం చేయడం. అబ్బాయికి కోపం వచ్చే ముందు చెవుల వెనుక వేడి, దవడ బిగుసుకోవడం, కుడి అరచేతిలో తిమ్మిరి వస్తాయని రెండు వారాల గమనింపులో తేలింది. దవడ బిగిసిన తర్వాత అరచేయి తిమ్మిరెక్కడానికి మధ్య కొన్ని క్షణాల వ్యవధి ఉంది. దవడ బిగిస్తే నాలుకను కింది పళ్లకు ఆనించి, పీల్చిన దానికంటే రెట్టింపు సేపు గాలి వదలాలి, మూడోసారి వదిలే లోపు ఆ చోటు నుంచి కదలాలి అని ముందుగానే నిర్ణయించుకున్నాం. రోజూ రాత్రి కోపం లేనప్పుడు పదిసార్లు చేయించాను, ఎందుకంటే తుఫానులో ఈత నేర్చుకోవడం ఎవరి వల్లా కాదు.

ఇంతలో తండ్రి మంచి ఉద్దేశంతోనే మేడ మీద ఒక పంచింగ్ బ్యాగు వేలాడదీయించాడు. దానిని తీయించమని నేను చెప్పినప్పుడు ఆయన నొచ్చుకున్నాడు. కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ బ్యాగును గుద్దినవారికి కోపం తగ్గకపోగా పెరిగిందని మనస్తత్వవేత్త బ్రాడ్ బుష్‌మన్ 2002లో చూపాడు. 154 అధ్యయనాలను, పదివేలకు పైగా మనుషులను కలిపి పరిశీలించిన 2024 నాటి విశ్లేషణ కూడా ఒంటి ఉద్రేకాన్ని తగ్గించే పనులే కోపాన్ని తగ్గిస్తాయని, గుండె వేగాన్ని పెంచే పనులతో మొత్తం మీద ఆ ఫలితం రాదని తేల్చింది. ఈ అబ్బాయి విషయంలో ఇంత దూరం వెళ్లవలసిన అవసరం కూడా లేదు. బ్యాగును గుద్దుతున్నప్పుడు ఎవరిని తలచుకుంటున్నావని అడిగితే ఒక్క క్షణం ఆలోచించి “వాడినే” అన్నాడు. అద్దం దగ్గర తిప్పుకున్న చేతికి మళ్లీ దారి చూపిస్తున్నామని తండ్రితో చెప్పాను. బ్యాగు దిగింది.

జవాబు రాని మెసేజ్

ఉద్దేశం స్పష్టంగా లేని పనిలో కూడా దురుద్దేశాన్నే చూసే అలవాటును మనస్తత్వవేత్త కెన్నెత్ డాడ్జ్ 1980లో దూకుడు ఎక్కువగా ఉన్న మగపిల్లల్లో గుర్తించాడు. ఈ అబ్బాయి డైరీలో దీనికి ఉదాహరణలు చాలా ఉన్నాయి. జవాబు రాకపోతే మొదటి ఆలోచన “కావాలనే” అన్నది. మూడు వేరే కారణాలు రాయమంటే బ్యాటరీ అయిపోయి ఉంటుంది, నిద్రపోయి ఉంటాడు అని బడి జవాబుల్లా రాసేవాడు, వాటిని తనే నమ్మేవాడు కాదు. అందుకని పద్ధతి మార్చి, కుర్చీ మార్పించి, మిత్రుడి కుర్చీలో కూర్చుని ఆ 9 రోజుల గురించి మిత్రుడిగా చెప్పమన్నాను.

మొదట వెక్కిరింపుగా మొదలుపెట్టాడు. నాలుగో వాక్యానికి వెక్కిరింపు పోయింది. “వాడికి చెబితే ఏం చేస్తాడో తెలియదు. చెప్పకపోతే తర్వాత ఏం చేస్తాడో తెలియదు. ఆమె చెప్పొద్దంది.” అలా అన్నాక తన కుర్చీలోకి తిరిగి వచ్చి, “వాడు నాకు భయపడ్డాడా?” అని నన్ను అడిగాడు. భయపడి ఉండవచ్చు అన్నాను. చికిత్స మొత్తంలో ఏ పద్ధతి కంటే కూడా ఈ ప్రశ్నే అతనిని కదిలించిందని నా అభిప్రాయం. అమ్మాయికి వెళ్లిన 43 మెసేజ్‌ల గురించి మొదటి వారంలో నేను చెప్పినప్పుడు ఎక్కని మాట, మిత్రుడి కుర్చీ దిగాక తనంతట తానే ఎత్తాడు.

ఇల్లు

ఇంటి సంగతి క్లుప్తంగా చెబుతాను. తల్లిదండ్రులతో 3 సెషన్లు జరిగాయి. అబ్బాయి మామూలు గొంతుతో ఏదైనా అడిగితే తండ్రి వాయిదా వేసేవాడు, అరిస్తే గొడవెందుకని ఒప్పుకునేవాడు. అరుపుకు ఇలా ఫలితం దక్కుతూ ఉంటే ఇంట్లో గొంతులు ఎలా పెరుగుతూ పోతాయో మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ 1982లోనే వివరంగా రాశాడు. మామూలుగా అడిగిన దానికి అదే రోజు అవునో కాదో చెప్పాలి, అరిచి అడిగిన దానికి ఆ రోజు జవాబు ఉండదు అని ఒకే నియమం పెట్టుకున్నారు. “ముక్కు మీద కోపం” అన్న మాటను ఇంట్లో వాడవద్దని తల్లిని కోరాను. అది ఆమెకు నియమం కంటే కష్టమైంది.

ఎదురుదెబ్బ

9వ సెషన్‌కు ముందు రోజు అబ్బాయి ఫోన్‌ను గోడకేసి కొట్టాడు. స్నేహితుల విహారయాత్ర ఫొటోలో అమ్మాయి, మిత్రుడు ఒకే వరుసలో నిలబడి ఉన్నారు. చెల్లెలు దానిని చూపించింది. డైరీ ప్రకారం ముందు రాత్రి నిద్ర 4 గంటలు, అంతకు ముందు రాత్రి 5. ఈ వయస్సులో 8 నుంచి 10 గంటలు కావాలి. దవడ బిగుసుకోవడం ఆ రోజు తనకు తెలియనే లేదని, నేరుగా అరచేతికి వచ్చేసిందని రాశాడు. నిద్ర విషయాన్ని మొదట్లో నమోదు చేసి, దాని మీద పని చేయడం వాయిదా వేసింది నేనే. ఆ వారం మిగతావన్నీ ఆపి, రాత్రి ఫోన్ హాల్లో ఉంచడం, సెలవు రోజున కూడా ఒకే వేళకు లేవడం అన్న రెండింటి మీదే పని చేశాం. చెల్లెలికి క్షమాపణ చెప్పమని నేను చెప్పలేదు, తనే చెప్పాడు. చెల్లెలు మూడు రోజులు పలకలేదట. “అది అలిగింది మేడమ్” అని అతను నవ్వాడు.

మిత్రుడితో మాట

12వ సెషన్ నాటికి మిత్రుడితో మాట్లాడతానని తనే అన్నాడు. మూడుసార్లు రిహార్సల్ చేశాం. మొదటి రూపంలో ఏడు ఆరోపణలు ఉన్నాయి, చివరి రూపంలో రెండు వాక్యాలు మిగిలాయి. ఆట ముగిశాక మైదానం గట్టు మీద కూర్చుని చెప్పాడట: “నన్ను కొడతావేమోనని చెప్పలేదా రా? నేను నిన్ను కొట్టను.” మిత్రుడు చాలా సేపు గడ్డి పీకుతూ కూర్చుని, “నువ్వు అద్దం కొట్టావు కదా రా” అన్నాడు. అంతకు మించి ఆ రోజు ఏమీ తేలలేదు. అబ్బాయి నిరాశగా వచ్చాడు. సినిమాల్లో లాగా కౌగలించుకోవడాలు ఉంటాయని అతను, ఒప్పుకోవాలంటే కొంతవరకు నేను కూడా, ఆశించాం. అయితే ఆ జవాబు నిజాయితీగా ఉంది. ఆ రోజు అరచేతికి తిమ్మిరి కూడా రాలేదు.

14 సెషన్లు 5 నెలల్లో పూర్తయ్యాయి. చివరి నాలుగు వారాల డైరీలో 3 సంఘటనలు ఉన్నాయి, మూడూ చిరాకు స్థాయిలోనే ఆగాయి. ఆఖరి పేజీలో తేదీ, సమయం, “బెంచీ ఖాళీగా ఉంది” అన్న వివరం రాసి, ఒంట్లో ఏం అనిపించిందన్న గడిలో “ఏమీ లేదు, కళ్లు కొంచెం” అని రాశాడు. భావం పేరు రాసే చోట రెండు మాటలు కొట్టేసి ఉన్నాయి. మూడోది “బెంగ”. నేను పరిచిన కాగితపు ముక్కల్లో ఆ మాట లేదు.

మూడు నెలల తర్వాత ఒక్కసారి వచ్చాడు. మిత్రుడితో ఆటకు వెళుతున్నాడు, బెంచీ మాత్రం వేరే. అమ్మాయిని సంప్రదించలేదు, ఆమె నంబరును తనే తీసేశాడు. కణుపుల మీది మచ్చ తెల్లబడింది. మరో ఆరు నెలల తర్వాత తేదీ ఇచ్చి, అవసరమైతే ముందే ఫోన్ చేయమని చెప్పి ఫైలును తెరిచే ఉంచాను.